లంకదారిపై ఒక అభ్యంతరం

2008 వేసవి బదిలీల్లో నన్ను తాడేపల్లిగూడెం సబ్‌డివిజన్ నుంచి ఏలూరు డివిజన్ ఆఫీసు డ్రాయింగ్ బ్రాంచికి వేశారు. కొల్లేటిలోకి దిగే మురుగుకాలువల పని చూసే డివిజన్ అది. నా హోదా డ్రాఫ్ట్స్‌మన్ మొదటి గ్రేడు. ఆడవాళ్లకైనా హోదా పేరు అదే. సెక్షన్ ఆఫీసర్లు, అంటే కాలువగట్ల మీద తిరిగే అసిస్టెంట్ ఇంజనీర్లు, కొలిచి పంపిన అంకెలను పటంగా గీయడం, పాత పటాలను దిద్దడం, దిద్దినవాటిని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సంతకానికి పెట్టడం నా పని.

దిద్దుబాటుకు మా బ్రాంచిలో ఒక పద్ధతి ఉండేది. పటంలో ఏదైనా గీత అనుమానంగా కనిపిస్తే దాని పక్కన పెన్సిలుతో ప్రశ్న రాసి సెక్షన్ ఆఫీసరుకు తిప్పి పంపాలి. ఆయన మళ్లీ వెళ్లి చూసి జవాబు రాశాకే ఎర్ర సిరా వాడాలి. బల్ల దగ్గర కూర్చుని ఎవరి గీతనూ కొట్టేయకూడదు. ఇది నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేర్చుకున్న పాఠం. ఇంతకాలం చేశాక అది అలవాటైపోయింది.

ఆ రోజుల్లోనే ఇంటర్నెట్‌లో ఎవరైనా గీయగల పటం ఒకటి మన ప్రాంతానికీ వచ్చింది. కింద ఉపగ్రహం తీసిన ఫొటో ఉంటుంది. దాని మీద రోడ్డు కనిపించినచోట గీత గీసి, పేరు రాసి, బడి, గుడి, చర్చి, రేవు లాంటివి గుర్తులుగా పెట్టవచ్చు. జీతం ఉండదు, ఇష్టమున్నవాళ్లు చేస్తారు. కొత్తగా చేరినవారి గీతలను పాతవారు చూసి ఒప్పుకోవాలి. ఒకరి పని నమ్మదగినదని తేలాక వారి గీతలు నేరుగా పటంలోకి వెళతాయి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే గీత కింద వ్యాఖ్య రాస్తారు. తగువు తెగకపోతే ఆ ప్రాంతపు సమీక్షకుల దగ్గరికి వస్తుంది. నా వృత్తి ఇదేనని తెలిసి ఏలూరు నుంచి కొల్లేటి దాకా సమీక్ష నాకు అప్పగించారు. ఆఫీసు నుంచి వచ్చాక మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఆ పని చేసేదాన్ని.

ఆఫీసులో ప్రశ్న రాసి పంపితే జవాబిచ్చే మనిషి ముఖం నాకు తెలుసు. ఇక్కడ ఎవరి ముఖమూ తెలియదు. వ్యాఖ్యలోని మాట ఎంత కటువుగా ఉందో రాసినవారికి తెలియదు, ఎక్కడ తగిలిందో అసలే తెలియదు.

మా వైపు బాగా పనిచేసేవాళ్లు ఇద్దరుండేవారు. ఒకరు ఎస్తేరురాణి. కొల్లేటిలోని ఒక లంక గ్రామంలో ప్రాథమిక పాఠశాల టీచరు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, లంక అనే అంటాను. ఆమె పుట్టిందీ మెట్టిందీ అక్కడే. శనివారాలు భీమడోలు వచ్చి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని గీసేది. ఏ పటంలోనూ లేని చిన్న చిన్న లంకలను, వాటి బడులను, చర్చిలను, మంచినీటి చెరువులను ఆమె పేరుపేరునా పెట్టింది. రెండోవారు షేక్ కరీముల్లా. ఏలూరు మనిషి. చేపల చెరువుల మోటార్లకు విడిభాగాలు అమ్మే వ్యాపారం. మోటారు సైకిలు మీద కలిదిండి దాకా తిరుగుతూ, దారిని నమోదు చేసే చిన్న జీపీఎస్ పరికరం ఒకటి జేబులో పెట్టుకునేవాడు. ఆయన గీసిన రోడ్లు తప్పుపోవు. మాట మాత్రం కరుకు.

మరుసటి ఏడాది మే నెలలో ఎస్తేరురాణి ఒక రోడ్డు గీసింది. గుండుగొలను దగ్గర హైవే దిగి దక్షిణంగా పోయే గ్రావెల్ రోడ్డును పొడిగించి, పాత చెరువు గట్టు మీదుగా లంక దాకా కలిపింది. ఆమె గీతలు అప్పటికే నేరుగా పటంలోకి వెళ్లే స్థాయికి వచ్చాయి కాబట్టి ఇదీ వెళ్లిపోయింది. దాని కింద కరీముల్లా ఒక ప్రశ్న రాశాడు: వానాకాలంలో కూడా ఈ దారి ఉంటుందా? దానికి జవాబు రాలేదు.

సెప్టెంబరులో ఒక ఉదయం నా సమీక్ష పేజీ తెరిస్తే ఆ గీత కింద కరీముల్లా రాసింది కనిపించింది. “ఇది దొంగ రోడ్డు. గీసినావిడ తెలిసే గీసింది. ఈవిడ పటానికి పనికిరాదు. ఈవిడ పెట్టినవన్నీ తీసేయాలి.” దాని కింద, కొల్లేరు ఎప్పుడూ చూడని మరో ఇద్దరు వంత పాడారు. అంతటితో ఆగక, ఆమె పెట్టిన లంకలను ఒక్కొక్కటిగా తొలగించమని అర్జీలు పెట్టడం మొదలుపెట్టారు. ఏ ఆధారమూ చూపలేదు. గీసింది ఆమె అన్నదొక్కటే కారణం.

కరీముల్లాకు ఫోన్ చేశాను. ఏం జరిగిందని అడిగితే చెప్పాడు. లంకకు చెందిన ఒక పెద్దావిడ ఏలూరు ఆసుపత్రిలో చనిపోయింది. శవాన్ని ఊరికి తీసుకుపోవడానికి వ్యాను మాట్లాడారు. వెంట ఉన్న కొడుకులిద్దరూ ఎప్పుడో వలసపోయి, కబురు విని నేరుగా ఆసుపత్రికి వచ్చినవాళ్లు. దారి ఇప్పుడెలా ఉందో వాళ్లకు తెలియదు. డ్రైవరు పటం చూసుకుని గట్టెక్కాడు. సగం దూరం పోయాక గట్టుకు గండి, గండిలో నడుము లోతు నీళ్లు. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. ఊళ్లోవాళ్లకు తెలిసి వచ్చేదాకా మధ్యాహ్నమంతా వ్యాను ఆ ఎండలో గట్టు మీదే నిలిచిపోయింది. చివరికి శవాన్ని మంచం మీద పెట్టి, నీళ్లలో దిగి మోసుకుపోయారు.

ఆయన గొంతులో కోపం ఉంది. కోపం ఒక్కటే కాదనిపించింది గానీ అప్పుడు అడగలేదు.

సమీక్షకురాలిగా నా ముందు రెండు దారులున్నాయి. రోడ్డు తప్పని తేలింది కాబట్టి అప్పటికప్పుడు కొట్టేయవచ్చు. అలా చేస్తే ఆ అర్జీల మాటే నెగ్గి, ఎస్తేరురాణి పెట్టిన లంకలన్నీ దాని వెంట కొట్టుకుపోతాయి. లేదా అన్నిటినీ ఆపి, చూసి రావచ్చు. ముందుగా ఆ గీతను ప్రయాణికులకు కనిపించకుండా పక్కన పెట్టాను. తొలగింపు అర్జీలన్నిటి కిందా ఒకే వాక్యం రాశాను: నేల మీద తనిఖీ అయ్యేదాకా ఏదీ తీయరాదు. తరువాత ఇద్దరికీ ఫోన్ చేసి ఆదివారం గండి దగ్గరికి రమ్మన్నాను. ఎస్తేరురాణి, “ఆయన కూడా వస్తారాండీ?” అని అడిగింది. వస్తారన్నాను. “సరేనండీ, ఆరాధన అయ్యాక వస్తానండీ,” అంది.

గుండుగొలనులో బస్సు దిగి కరీముల్లా మోటారు సైకిలు మీద వెళ్లాను. గ్రావెల్ ఒకచోట ఆగిపోయింది. అక్కడి నుంచి గట్టు మీద బురదలో నడిచాం. వ్యాను చక్రాల గాడి ఇంకా చెదరలేదు. అవతలి నుంచి ఎస్తేరురాణి తాటిదోనెలో వచ్చి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఈ ఒడ్డున దిగింది. ముప్పై ఏళ్ల మనిషి, సన్నగా ఉంది. నాకు నమస్కారం పెట్టి, కరీముల్లాకీ పెట్టింది.

“ఇదేనా అండీ టీచరుగారూ మీ రోడ్డు?” అన్నాడాయన.

“వేసవిలో ఇదేనండీ. మే నెలలో ఆటో మా ఇంటి ముందు దాకా వచ్చిందండీ. ఆ ఆటోలోనే భీమడోలు వెళ్లి ఈ గీత గీశానండీ.”

“వానల్లో ఉండదని తెలుసు కదండీ. నేను అడిగాను కూడానూ.”

“తెలుసండీ. మీరడిగింది చదివానండీ. లేదని రాద్దామనే కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ మా ఊరికి రోడ్డు లేదనే వింటున్నానండీ. ఒకసారి పటంలో కలిశాక, మళ్లీ నా చేత్తోనే లేదని రాయడానికి చెయ్యి రాలేదండీ.” ఆమె గండి వైపు చూసింది. “ఆ చనిపోయినావిడ మా బడిలో పిల్లలకి వంట చేసేదండీ. మంచం మోసినవాళ్లలో మా ఆయన ఉన్నారు. ముందు నేను దిగి లోతు చూశాను. ఇంటికెళ్లాక ఎవరూ నన్నేమీ అనలేదండీ. ఆ గీత నేను గీసిందని ఊళ్లో ఎవరికీ తెలీదు మరి.”

“ఆ డ్రైవరు మా వీధివాడేనండీ,” అన్నాడు కరీముల్లా. “దారి తెలియదంటే పటం నేనే ప్రింటు తీసిచ్చాను. టీచరుగారు గీసింది కదా, తప్పు ఉండదులే అనుకున్నాను. నేనడిగిన ప్రశ్నకి జవాబు రాలేదన్న సంగతి గుర్తుండి కూడా ఇచ్చానండీ.”

పని మొదలుపెడదామన్నాను.

కరీముల్లా జీపీఎస్ పట్టుకున్నాడు, ఎస్తేరురాణి కాగితం పట్టుకుంది. గ్రావెల్ ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక గుర్తు, వాహనం తిప్పుకోగల చివరి చోటు ఒకటి, గండికి ఈ ఒడ్డు ఒకటి. దోనెలో దాటి ఆ ఒడ్డు, దోనెలు కట్టే రేవు, అక్కడి నుంచి ఊళ్లోకి పోయే పుంత, అంటే మట్టిదారి. నీళ్ల లోతు ఏ నెలలో ఎలా ఉంటుందో దోనె నడిపే ఆయన్ని అడిగి రాసుకున్నాం. దాటుతున్నంతసేపూ ఎస్తేరురాణి గట్టు వైపే చూస్తూ కూర్చుంది.

గీయవలసింది వివరించాను. గ్రావెల్ దాకా రోడ్డు. అక్కడి నుంచి గండి దాకా వేసవి దారి, ముక్కలుగా తెగిన గీతతో. గండి దగ్గర ఖాళీ. ఆవల రేవు, పుంత.

“అలా అయితే మా ఊరు మళ్లీ విడిపోతుంది కదండీ మేడంగారూ,” అంది ఆమె.

“విడిపోయే ఉందమ్మా,” అన్నాను. “కలిపి గీస్తే కలిసిందనుకుని ఎవరూ ఇటు చూడరు. ఖాళీ కనిపిస్తేనే ఇక్కడ ఏదో కట్టాలని అడగడానికి వీలుంటుంది.”

ఆమె ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. మరుసటి శనివారం మాత్రం భీమడోలు వెళ్లి ఆ గీతను తానే తీసి, తానే కొత్తగా గీసింది. రేవు గుర్తు కింద ఒక సూచన చేర్చింది: వానాకాలంలో వాహనం గ్రావెల్ చివర ఆపి, దోనె కోసం ఊరికి కబురు చేయాలి.

ఆ వారమే నా సమీక్ష రాశాను. అందరికీ కనిపించేచోట, గీత గురించి మాత్రమే: మే నెలలో నిజమైన దారి సెప్టెంబరులో నిజం కాదు, కొల్లేటిలో ఏ దారికైనా కాలం రాయాలి, అడిగిన ప్రశ్నకు జవాబు లేని గీతను ఎవరూ నమ్మరాదు. ఎస్తేరురాణికి విడిగా రాసింది ఇంకా నిక్కచ్చిగా ఉంది. తెలిసి వదిలేసిన సందేహం తెలియక చేసిన తప్పు కన్నా పెద్దదని రాశాను. ఆమె పెట్టిన లంకలు చాలావాటిని మా డివిజను పటాలతో పోల్చి చూశాననీ, అవి సరిగ్గా ఉన్నాయనీ, అవి ఉంటాయనీ కూడా రాశాను. కరీముల్లాకు, ఆయన అభ్యంతరం సరైనదే గానీ అందులో మొదటి వాక్యం తప్ప మిగిలినవి గీత గురించి కావని రాశాను. ఆ పటంలో రాసిన వ్యాఖ్యను చెరపడానికి వీల్లేదు. ఆయన దాని కిందే మరొకటి రాశాడు: “మనిషి గురించి రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పటం ప్రింటు తీసి ఇచ్చింది నేనే.” తొలగింపు అర్జీలు పెట్టిన ఇద్దరిలో ఒకరు వాటిని ఉపసంహరించుకున్నారు. రెండోవారు మళ్లీ కనిపించలేదు, ఆ అర్జీలను నేనే తిరస్కరించాను.

లంకవాళ్లు ఆ పటాన్ని జతచేసి కల్వర్టు కోసం అర్జీ పెట్టుకున్నారు. నేను ఉద్యోగంలో ఉండగా అది రాలేదు. మరుసటి వానల్లో నొప్పులు పడుతున్న ఒకామె కోసం వచ్చిన వాహనం గ్రావెల్ చివరే ఆగిందని, దోనె సమయానికి ఎదురు వెళ్లిందని, తల్లీబిడ్డా క్షేమమని ఎస్తేరురాణి ఫోన్ చేసి చెప్పింది. తాను సమీక్షకురాలి పని తీసుకుంటానని కూడా ఆ ఫోన్‌లోనే అడిగింది. నేను పదవీ విరమణ చేశాక కొల్లేటి వైపు ఆమే చూసింది. కొత్తవాళ్ల ప్రతి దారి కిందా ఆమె మొదట అడిగేది ఏ నెలలో చూశారని. జవాబు రానిదే దేనినీ పటంలోకి పోనిచ్చేది కాదు. ఆమె కఠినంగా ఉంటుందని కొందరు నాకు ఫిర్యాదు చేశారు. నేను జోక్యం చేసుకోలేదు.

ఇతరుల గీతను దిద్దే పనిలో ఉన్నవారికి ఈ సంగతి వల్ల నేను చెప్పగలిగింది కొంచెమే. తప్పు పట్టే ముందు, గీసినవారు ఎక్కడ నిలబడి, ఏ కాలంలో చూసి గీశారో అడగాలి. వారి ఒక్క గీత తప్పయినంత మాత్రాన మిగిలినవాటిని అనుమానించకూడదు. అలాగని వారి మనసు నొచ్చుకుంటుందని తప్పును మెత్తగా రాయకూడదు. పటాన్ని నమ్మి వచ్చేవారు మనం రాసుకున్న వ్యాఖ్యలు చదవరు. వాళ్లు వచ్చేది దారి మీద.