అతుకులు తాకి చూసే ఆయన

తిరునాళ్లలో నా మిరపకాయ బజ్జీల బండి పక్కనే ఆయన పనిచేసే బొమ్మ రైలు డేరా ఉండేది. పేరు నేనెప్పుడూ అడగలేదు. బల్ల మీద పట్టాలు, వాటి చుట్టూ మన చేలల్లో పత్తితోనే చేసిన తెల్లటి కొండలు. రైలు ఆగినప్పుడల్లా కరెంటు తీసేసి, పట్టాల అతుకుల్ని చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. వైరు వదులైతే బిగించేవాడు. జనం ఎంత అరిచినా బిగించందే రైలు కదిలించేవాడు కాదు.

"ఏం బాబాయ్, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూస్తన్నావ్?" అని నవ్వేదాన్ని.

"వదులైన అతుకు వేడెక్కుద్దమ్మాయ్. పక్కనున్నది పత్తి," అనేవాడు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

నా మొగుడు పోయిన మరుసటేడు తిరునాళ్లకు రైలొచ్చింది, బాబాయ్ రాలేదు.

"ముసలోడు ఊరికే ఆపుతున్నాడని మానిపించా," అన్నాడు డేరా యజమాని. పత్తికొండలు ఇంకా ఎత్తుగా పేర్చాడు. రైలు ఆగకుండా తిరుగుతోంది. డేరా నిండా పిల్లలు.

నాకు మాడు వాసన తగిలింది. నా బాణలిది కాదు. లోపలికెళ్లి ఒక అతుకు మీద చేతి వెనకవైపు ఆనించాను. చుర్రుమంది.

"ఆపయ్యా, కాలిపోతంది!"

"నీ బజ్జీలు నువ్వు చూసుకో, పో!"

దొరికిన పిల్లను దొరికినట్టు రెక్క పట్టుకుని బయటికి లాగడం మొదలుపెట్టాను.