ఇత్తడి పళ్ళెం మీద శ్రీ గోల్ గుంబజ్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. (తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి.) ఎమ్మే హిస్టరీ పట్టా చేతికందిన వేడిలోనే సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో మాస్టారుగా చేరాను. ఏడాది పాటు టెంపరరీ. ఆ తర్వాత పర్మనెంటు చేయాలా, మా ఊరు ఒంగోలుకి బస్సెక్కించాలా అన్నది మా హెడ్‌మిస్ట్రెస్ పెద్దమేడం చేతిలో ఉండేది. అక్కడ మా అమ్మ అప్పుడే "మావాడికి పర్మనెంటు అయిపోయింది" అని వీధంతా చెప్పేసుకుంది కాబట్టి, ఆ బస్సెక్కే ధైర్యం నాకు లేదు.

స్కూలు యానివర్సరీ వారంలో ఉందనగా, పెద్దమేడం తువ్వాలులో చుట్టిన ఒక పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "మా తాతగారిది మాస్టారూ. మారేడ్‌పల్లి ఇల్లు సర్దుతుంటే పాత ట్రంకులో దొరికింది. ఆర్మీలో రిటైరైనప్పుడు పల్టన్ వాళ్ళిచ్చారట. మీద నాలుగు కట్టడాలున్నాయి. ఏవేవో చూసి చీటీలు రాసి పెట్టండి, ఎగ్జిబిషన్‌లో పెడదాం" అంది. తాతగారి సంగతి వచ్చినప్పుడల్లా ఆవిడ 'ఆర్మీ' అన్న మాటను కాస్త సాగదీసి పలికేది. ఆ సాగదీతకే స్కూలంతా ఆయన్ను కెప్టెన్‌ని చేసేసింది.

తాజ్‌మహల్, చార్మినార్, కుతుబ్ మినార్ చూడగానే చెప్పేశాను. నాలుగోది కొంచెం పరేషాన్ పెట్టింది. బోర్లించిన కుండ లాంటి పెద్ద గుమ్మటం, ముందు చిన్న కమాను, పక్కన సన్నగా ఒక మినారు, పైన మబ్బులు, వాకిట్లో ఈటె పట్టుకున్న భటుడు. ఐదు నిమిషాలు గడ్డం నిమురుకుని, బీజాపూర్ గోల్ గుంబజ్ అని తేల్చాను. అక్కడ ఇలాంటి మినారు ఉందో లేదో నాకు తెలియదు. ఉండి కూలిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చీటీలైతే గాలికెగిరిపోతాయి, పేర్లు శాశ్వతంగా ఉంటే నా ఉద్యోగమూ శాశ్వతమవుతుందన్న దివ్యమైన ఆలోచనతో, పళ్ళెం చంకన పెట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో గిన్నెల మీద పేర్లు చెక్కే తాత దగ్గరికి వెళ్ళాను. కాగితం మీద నాలుగు పేర్లు రాసిచ్చి, క్లాసుకు టైమవుతోందని వచ్చేశాను.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున తెచ్చుకుందామని వెళ్తే, పళ్ళెం తళతళలాడుతోంది. శ్రీ చార్మినార్. శ్రీ కుతుబ్ మినార్. శ్రీ గోల్ గుంబజ్. శ్రీమతి తాజ్‌మహల్.

"ఈ శ్రీలేమిటి తాతా?" అన్నాను.

"గిన్నె మీద పేరంటే ముంగట శ్రీ ఉండాలె సారూ. ముప్పై ఏండ్ల సంది గిట్లనే కొడుతున్న."

"మరి శ్రీమతి?"

"అది బేగం సాబుది గద. గంత సుత ఎరుక లేదా నాకు?"

స్కూలుకి తెచ్చాక పెద్దమేడం ఆ పేర్లన్నీ మెల్లగా చదివింది. "చీటీలు రాయమన్నాను కదా మాస్టారూ" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. తల్లిదండ్రులు అప్పటికే హాల్లోకి వచ్చేస్తున్నారు, పళ్ళెం దాచే వ్యవధి లేదు. వాళ్ళతో పాటే కాప్రాలో కొడుకు దగ్గరుంటున్న మేడం వాళ్ళమ్మగారు కర్ర ఊతంతో వచ్చి, నేరుగా పళ్ళెం ముందు ఆగింది. ఎనభై దాటిన మనిషి. "ఇదేంటి బాబూ?" అని నాలుగో బొమ్మ చూపించింది.

పోయిన పరువు పాండిత్యంతో రాబట్టుకుందామని అందుకున్నాను. "గోల్ గుంబజ్ అండీ. సుల్తాను సమాధి. పైన మబ్బులు చూశారా, అంటే వానాకాలమన్నమాట. ఈయన ఈటె పట్టుకున్న కాపలా భటుడు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగింది. "ఈటె కాదయ్యా, తెడ్డు. రొట్టెలు బయటికి తీసే తెడ్డు. ఇది పల్టన్ బేకరీలో పొయ్యి. నీ మినారు పొగగొట్టం. నీ మబ్బులు పొగ. ఈ భటుడు మా నాన్న."

కెప్టెన్‌గారు అందరి కళ్ళ ముందే వంటవారైపోయారు. పెద్దమేడం ముఖం ఎర్రబడింది. నేను మనసులో ఒంగోలు బస్సులో కిటికీ పక్క సీటు వెతుక్కుంటున్నాను. అప్పుడు ముసలావిడ నవ్వడం షురూ చేసింది. "మా నాన్న పొయ్యిని సుల్తానుకి సమాధి చేశావా నాయనా" అని నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. పెద్దమేడం మాత్రం పళ్ళెం మీది ఆ చిన్న మనిషి బొమ్మ వంకే చూస్తూ, "తాతయ్య టోపీ ఇలాగే పెట్టుకునేవాడా అమ్మా?" అని అడిగింది. "ఇలాగే, ఓ పక్కకి" అందావిడ.

"మాస్టారూ, రేపే వెళ్ళి ఆ పేరు అరగదీయించి, రొట్టెల పొయ్యి అని చెక్కించండి" అంది మేడం.

"శ్రీ కూడా తీయించనా మేడం?"

"వద్దు. ఆ ఒక్కదానికి ఉండాలి."

జూన్‌లో నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను, చాలా గుమ్మటాలు చూశాను. ఇప్పుడెవరైనా పాత బొమ్మ తెచ్చి ఇదేమిటని అడిగితే, "తెలియదమ్మా, కనుక్కుందాం" అంటాను. అది సరైన జవాబేనని నాకూ తెలుసు. కానీ ఐదు నిమిషాలు గడ్డం నిమురుకుని ఇత్తడి మీద తీర్పు చెక్కించేసిన ఆ కుర్రవాడిని తలుచుకుంటే నవ్వొస్తుంది, నిజం చెప్పొద్దూ, కాస్త అసూయగా కూడా ఉంటుంది.