పదకొండో కుండ

మా చేలో ఒక చింతమొద్దు, దాని పక్కనే చుక్క నీళ్లు లేని బావి ఒకటి ఉన్నాయి. రెండూ నా చలవే. చెట్టును కాపాడతానని బయల్దేరి, దాన్ని నరకడానికి కావలసిన రుజువును నా చేతులతో నేనే సమకూర్చిపెట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నన్ను చూసి నవ్వే హక్కు మా అవ్వ తర్వాత మీకే ఉంది.

డెబ్బైల చివర, పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఎండాకాలం అది. మా సైన్సు సారు ఏడాది పొడవునా ఒకటే పాట పాడేవాడు. "చూడండి. అనుమానించండి. ఒక ఊహ చేయండి. దాన్ని పరీక్షకు పెట్టండి. ఆ తర్వాతే నోరు తెరవండి." ఇందులో నాకు బాగా వంటబట్టినవి అనుమానించడం, నోరు తెరవడం. మిగతావి కూడా వచ్చేశాయనే అనుకున్నాను.

వరసగా వానలు మొహం చాటేయడంతో మా నాయన బావి తవ్వాలని తీర్మానించాడు. బావి అంటే మా వైపు ముందు ఓబులేసుకు కబురు పెట్టాలి. ఓబులేసు అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లున్నచోట టెంకాయ లేచి నిలబడుతుంది. లేనిచోట పడుకునే ఉంటుంది. ఆ రోజు ఓబులేసు చేనంతా తిరిగితే, టెంకాయ సరిగ్గా మా చింతచెట్టు మొదట్లో నిలబడింది.

"ఈడ గంగమ్మ పొంగుతాండాది రెడ్డీ" అన్నాడు ఓబులేసు.

"అయితే చెట్టు కొట్టేద్దాం" అన్నాడు నాయన, క్షవరం చేయించుకుందాం అన్నంత తేలిగ్గా.

అవ్వ చెట్టును ఆనుకుని కూలబడింది. అది మా తాత నాటిన చెట్టు. ఆ చేలో ఉన్న నీడంతా అదే. "నన్ను నరికినాక దీన్ని నరకండి" అందామె.

అప్పుడు నేను ముందుకొచ్చాను. ఆ ఠీవి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"నాయనా, నీళ్లుండేది లేనిది ఈయప్పకు నిజంగా తెలుస్తాదో లేదో పరీక్ష పెడతా. పది గుంతలు తీసి పది కుండలు పూడుస్తా. ఐదింట్లో నీళ్లు, ఐదు ఖాళీ. ఏది ఏదో ఈయప్ప చెప్పాల. పదిట్లో ఎనిమిది చెప్తే చెట్టు కొట్టు. లేదంటే చెట్టు జోలికి పోవద్దు."

నాయన ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు మీసం కింద నవ్వాడు. "పెట్టుకోనీ రెడ్డీ, చదువుకునే పిల్లోడు. బత్తలపల్లెలో రెండు చేన్లు చూడాల్సి ఉండాది. పన్నెండు దినాలకు వస్తా."

మర్నాడే కుమ్మరి దగ్గర పది కొత్త కుండలు తెచ్చాను. అవ్వ చూసి ఆశ్చర్యపోయింది.

"కొత్తవెందుకురా సీనా? ఇంట్లో పాత కుండలుండాయి కదా."

"పాతవి ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటాయవ్వా. పరీక్షంటే అన్నీ ఒకే రకంగా ఉండాల."

"అది కాదురా, కొత్త కుండ..."

"నువ్వేమీ చెప్పద్దు! నువ్వు మాట్లాడితే పరీక్ష చెడిపోతాది."

అవ్వ నోరు మూసుకుంది. పాఠకులారా, ఆ నోరు నేనే మూయించానని దయచేసి గుర్తుంచుకోండి.

మోకాటి లోతు గుంతలు తీశాను. ఐదు కుండలు అంచులదాకా నింపి, మూతికి బండలు పెట్టి, మన్ను కప్పి, చీపురుతో ఊడ్చి మరీ చదును చేశాను. ఏ కుండ ఎక్కడుందో కాగితం మీద రాసి అవ్వ కొంగుకు ముడివేశాను. చదువు రాని అవ్వ కొంగుకంటే భద్రమైన బీరువా ఏ ప్రయోగశాలలోనూ ఉండదని నా లెక్క. ఆ పన్నెండు రోజులూ గుంతల మీద కాకిని కూడా వాలనివ్వలేదు.

పదమూడో రోజు ఊరు ఊరంతా మా చేలోనే ఉంది. ఓబులేసు టెంకాయతో మొదటి గుంత మీద నిలబడ్డాడు. టెంకాయ కదల్లేదు. రెండోదాని మీదా అంతే. మూడు, నాలుగు, ఐదు... పదింటి మీదా అది అన్నం తిని పడుకున్న పిల్లాడిలా నిద్రపోయింది.

"యాడా నీళ్లు లేవప్పా" అన్నాడు ఓబులేసు.

నేను ఎగిరి గంతేశాను. "విన్నారా? ఐదు కుండల నిండా నీళ్లు పెట్టినా, ఒక్కటీ కనుక్కోలేదు! అవ్వా, కాగితం ఇయ్యి!" కాగితం గట్టిగా చదివి, పార తీసుకుని, అందరూ చూస్తుండగా మూడో గుంత తవ్వి, బండ తీసి, కుండను రెండు చేతులా పైకెత్తి బోర్లించాను.

ఏమీ పడలేదు.

ఐదోది తవ్వాను. ఏడోది తవ్వాను. తొమ్మిదోది, పదోది తవ్వాను. అయిదు కుండలూ ఎండిపోయి నావైపే నోళ్లు తెరుచుకుని చూశాయి. చుట్టూ మన్ను మాత్రం తడిగా ఉంది.

"తడి చూడండి! నీళ్లు మంట్లోకి ఇంకిపోయినాయి! నేను పోసినాను, ఒట్టు!"

"పోసింటావులేప్పా" అన్నాడు ఓబులేసు ఎంతో దయగా. "ఈ పొద్దు ఉండాయా లేవా అనే కదా నన్నడిగినావు?"

ఊరు ఈలలు వేసింది. నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పదికి పది చెప్పినాడు కదరా. నాగ్గూడా లోపల కొంచెం అనుమానముండె. నువ్వు తీర్చేసినావు."

ఆ సాయంత్రమే గొడ్డళ్లు వచ్చాయి. అవ్వ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఇంటికి వెళ్లి తలుపేసుకుంది. తిట్టినా బాగుండేది.

నాలుగు నిలువుల లోతు తవ్వేసరికి బండ తగిలింది, నీళ్లు తగల్లేదు. ఓబులేసు బావిలోకి తొంగిచూసి తేల్చేశాడు. "గంగమ్మ ఈణ్నే ఉండె రెడ్డీ. మీవాడు పది గుంతలు తీసి పరీక్షలు పెడితే ఆయమ్మకు కోపం రాదా? పక్కకు జరిగింది." అలా ఆ బావి తప్పు కూడా నా ఖాతాలోనే పడింది.

బడి తెరిచాక మార్కుల జాబితా కోసం వెళ్లి సారుకు అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. అద్దాలు తుడుచుకుని ఒకే మాట అడిగాడు. "పదకొండో కుండ ఏదిరా?"

"పదే కదా సార్?"

"ఓబులేసుకు పది. నీకొకటి ఉండద్దూ? వాటి పక్కనే అట్లాంటిదే ఒకటి పూడ్చి, మధ్యలో నువ్వు తీసి చూసుకోవాల. కుండను పరీక్షించకుండానే మనిషిని పరీక్షించినావు."

ఆ మాట మోసుకుంటూ ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. నెలల తర్వాత మొదటిసారి ఆమె నాతో నోరు విప్పింది.

"పదకొండో కుండ ఎందుకురా? కొత్త కుండ కారతాదని ఆ పొద్దే చెప్పబోతి. పరీక్ష చెడిపోతాదంటివి."

కాబట్టి ఆ ఎండిన బావి సాక్షిగా, ఆ చింతమొద్దు మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ప్రకృతిని ఏ ప్రశ్న అడగాలన్నా, ముందు మా అవ్వను అడుగుతాను. ఆమె చెప్పడం మొదలుపెడితే, ముగించేదాకా వింటాను.