గోడబోర్డు మీది అట్టముక్కలు

ఇర్విన్ లూబెల్ కూర్చోగా ఎవరూ చూడలేదు. న్యూయార్క్ టెలివిజన్ ఆఫీసులో, ఏ కార్యక్రమం ఏ రోజు ఎన్నింటికో చూపే గోడబోర్డు ముందు బూట్లు కిర్రుమనేలా పచార్లు చేస్తుంటాడు. పొద్దున్నే దేన్ని ఎంతమంది చూశారో చెప్పే రేటింగులు రాగానే, కార్యక్రమం పేరు రాసిన అట్టముక్క ఒకటి పీకి, ఇంకో గడిలో గుచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, మళ్ళీ పీకుతాడు. పశువుల డాక్టరు సీరియల్ ఒకటి అతనికి ప్రాణం. దాన్ని ఎలాగైనా బతికించాలని మంగళవారం నుంచి గురువారానికి, అక్కణ్ణుంచి శనివారానికి మార్చాడు. మార్చినకొద్దీ చూసేవాళ్ళు తగ్గారు. చివరికి దాని అట్టముక్కను చెత్తబుట్టలో వేస్తుండగా బ్రూక్లిన్ నుంచి తల్లి ఫోను చేసింది.

"ఒరే ఇర్వీ, నా పశువుల డాక్టర్ని ఎక్కడ దాచావురా?"

"ఆపేశామమ్మా. ఎవరూ చూడట్లేదు."

"చూడకపోవడమేంట్రా! మూడు వారాల్నుంచి వెతుకుతుంటేనూ!"

ఆమె మాట పూర్తికాకముందే అతని రెండో చెయ్యి బోర్డు మీద ఇంకో ముక్క పీకుతోంది.