కాటా మీద మా అక్క

మా అక్క లావుగా ఉంటుంది. మా ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. వలలో చిక్కిన చేపను ఎంత వడిగా విడదీస్తుందో ఆ తరవాత చెబుతారు, కొంతమంది అది చెప్పనే చెప్పరు. వాకాడు దాటి సముద్రం ఒడ్డున ఉంది మా పల్లె. తెల్లారి పడవలు దిగగానే వలల దగ్గర కూర్చునే ఆడవాళ్ళలో అందరికన్నా చురుకైన చెయ్యి ఆమెది. నేను ఆమె చెల్లెల్ని, పక్కూరి బడిలో సైన్సు చెబుతాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఆమె ఒళ్ళు తగ్గించే బాధ్యత నాదేనని నెత్తిన వేసుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అక్కకు షుగరు బయటపడి నాలుగేళ్ళు. టౌనులో ఒక డాక్టరుకు చూపించేదాన్ని. మోకాళ్ళ నొప్పులని పోతే “ఒళ్ళు తగ్గమ్మా” అనేవాడు. నీరసమని పోతే అదే మాట. ఒకసారి చెవిపోటని పోయాం, దానికీ అదే. ఆయన కుర్చీలోంచి లేచిందీ లేదు, మా అక్క ఒంటిమీద చెయ్యి వేసి చూసిందీ లేదు. అక్కడి తూకం మిషను ముల్లు చివరిదాకా పోయి ఆగిపోతే కాంపౌండరు, “మీ ఊళ్ళో చేపలు తూచే కాటా ఉంటుంది గదా, దానిమీద తూచుకుని రండి” అన్నాడు. వాడు ఎగతాళికే అన్నాడేమో గానీ మా బావ నిజంగానే ఆ పని చేశాడు.

ఒడ్డున రొయ్యల బాక్సులు తూచే పెద్ద కాటా ఉంది. పొద్దున్నే అందరూ ఉండగా అక్కను తీసుకెళ్ళి దానిమీద నిలబెట్టాడు. “ఐసు తీసేసి తూకం చూడన్నా” అన్నారెవరో. అందరికన్నా ముందు అక్కే నవ్వింది. అది ఆమె అలవాటు, ఎదుటివాళ్ళు నవ్వేలోపు తనే నవ్వేస్తుంది. నేనూ నవ్వాను.

ఆ అంకె రాసుకొచ్చి ఆమె కంచం దగ్గర కాపలా కూర్చున్నాను. అన్నం మాన్పించాను. సంకటి ముద్దను సగం చేశాను. పులుసు గిన్నె నా వైపుకు జరుపుకున్నాను. “నోరు కట్టుకోలేవా” అని ఆమె పిల్లల ముందే కసిరాను. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషి ఆమె. నాకన్నా తక్కువ తింటుందని నాకు తెలుసు. అయినా ఒళ్ళు తగ్గకపోయేసరికి, చాటుగా తింటోందని అనుమానపడ్డాను.

మావాళ్ళు వలల దగ్గరికి చెప్పులతో పోరు. కూడు పెట్టే వలను చెప్పుకాలితో తొక్కితే వేట పడదని పట్టింపు. మొన్నటి వానల్లో ఒకరోజు ఇసుకలో పడి ఉన్న జెల్ల చేప ముల్లు అక్క ఎడమకాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య దిగింది. జెల్ల ముల్లు దిగితే కాకలు తీరిన మగవాళ్ళే కేకలు పెడతారు. షుగరు వల్ల అక్క పాదాలు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి, ఆమెకు నొప్పి పెద్దగా తెలియలేదు. పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని పనిలో కూర్చుంది.

మూడు వారాల తరవాత వాసనను బట్టి నాకు తెలిసింది. చేపల ఊళ్ళో పుట్టినదాన్ని, అది చేపల వాసన కాదని పోల్చుకోగలను. గుడ్డ విప్పితే వేళ్ళ సందు నల్లగా ఉంది. ఎందుకు చెప్పలేదని అరిచాను.

“చెప్తే ఆ టౌను డాక్టరు కాడికే తీసకపోతావు. మళ్ళీ కాటా ఎక్కమంటాడు” అంది అక్క. “నువ్వేమో ఉన్న సంకటి కూడా తగ్గిస్తావు. ఎందుకులే మే అని ఊరుకున్నా.”

నెల్లూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్న స్టూలు లాక్కుని కూర్చుని, అక్క పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుని చూసింది. నాలుగేళ్ళలో ఆ పాదాన్ని చూసిన మొదటి డాక్టరు ఆవిడే. నేను ఊరుకోలేక, “ఎంత చెప్పినా నోరు కట్టుకోదు మేడం” అన్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

“కొవ్వంటే ఊరికే పడుండే మూట కాదమ్మా” అంది. “కొవ్వు కణాలు పట్టనంత నిండితే కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి తెల్లకణాలు వస్తాయి. జబ్బు చేస్తే మనల్ని కాపాడేవి అవే. పని అయ్యాక అవి వెళ్ళిపోవాలి. ఇక్కడ పని తెమలదు, అవి కదలవు. శత్రువు ఇంకా ఉన్నట్టే రసాయనాలు వదులుతూ ఉంటాయి. పైకి జ్వరం ఉండదు, వాపు కనిపించదు. లోపల మాత్రం ఏళ్ళ తరబడి సన్నటి మంట. ఆ మంటలో ఇన్సులిన్ చెప్పే మాట ఒళ్ళు వినదు. షుగరు పెరుగుతుంది, మనిషి నీరసపడుతుంది, కీళ్ళు పీకుతాయి. ఇక పుండు పడితే, అక్కడ చేరిన కణాలు కొట్లాట ఆపి మాన్పే పనిలోకి దిగవు.”

“బరువు తగ్గితే?”

“తగ్గితే ఆ మంటా తగ్గుతుంది. అందుకు మందులున్నాయి, పద్ధతులున్నాయి. తిట్లు వాటిలో లేవు. అయినా, బరువుందని కాలు చూడకుండా పంపించేస్తారా ఎవరైనా?”

పంపించేశారు. ఒకసారి కాదు, పోయిన ప్రతిసారీ. తెల్లకణాలు మన సైనికులని ఏటా పిల్లల చేత రాయిస్తాను, బొమ్మ వేయిస్తాను. ఆ సైనికులు ఇంటికి పోకుండా ఉండిపోతే ఏమవుతుందో ఆ పాఠంలో లేదు, నాకూ అడగాలని తోచలేదు. నాలుగేళ్ళు లోపల కాలుతూ ఉన్న మనిషిని పట్టుకుని బద్ధకం అన్నాం, తిండిపోతు అన్నాం, రొయ్యల కాటా ఎక్కించాం. ఆ డాక్టరు మీద నాకున్న కోపం చల్లారదు. చల్లారాలని నేను కోరుకోవడం లేదు కూడా. కాకపోతే అక్క పుండు దాచుకున్నది ఆయన ఒక్కడికే భయపడి కాదు.

పాదం దక్కింది. బొటనవేలూ పక్కవేలూ తీసేశారు.

ఇక వట్టి కాళ్ళతో నేల మీద అడుగు పెట్టకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పుండు ఆరి, అక్క మళ్ళీ పనిలోకి పోతానన్న రోజు నేను వాకాడులో బస్సు దిగి రబ్బరు చెప్పులు కొన్నాను. మర్నాడు తెల్లారే ఆమెతోపాటు ఒడ్డుకు పోయి, అందరూ చూస్తుండగా వలల పక్కనే వాటిని పెట్టాను.

“వల కాడ చెప్పులేంది?” అన్నాడు బావ.

“వలకు కోపమొస్తే నా మీదికి రమ్మను బావా. మా అక్క దానికి రెండు వేళ్ళిచ్చింది, ఇంకా సాల్లేదా?” అన్నాను. నా గొంతు ఒడ్డంతా వినబడింది. బావ తల దించుకున్నాడు. నాకు చాలా హాయిగా అనిపించింది, ఒక్క నిమిషం.

అక్క ఎడమకాలు చెప్పులో పెట్టి అడుగు ముందుకేసింది. చెప్పు ఇసుకలోనే ఉండిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. చెప్పు పట్టీని పట్టి ఉంచేది ఆ తీసేసిన రెండు వేళ్ళేనని కొనేటప్పుడు నాకు తట్టనే లేదు.

అందరికన్నా ముందు అక్కే నవ్వింది. తరవాత వలల దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వుతానని ఆమె నా మొహం వైపు చూసింది.