మావాడు ఒట్టి దద్దమ్మండీ

చలపతన్న తనదైన దేన్నీ మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ వేల్స్‌లో, కార్డిఫ్‌ ఊళ్ళో మూడు పడకగదుల ఇల్లు కొని మమ్మల్ని భోజనానికి పిలిచిన రోజు, గుమ్మంలో నిలబడి "రండి రండి, ఏదో కొంప" అన్నాడు. ప్రసన్నలక్ష్మి వదిన పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి గుత్తివంకాయ కూర, పులిహోర, బొబ్బట్లు చేసి పెడితే, "ఏదో పచ్చడి మెతుకులు, సర్దుకోండి" అన్నాడు. వదినకు రవ్వంత కోపం రాలేదు. ఎందుకొస్తుంది? మనవాళ్ళం ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు వినం. ధాన్యం కొనేవాడు తేమకింత, తాలుకింత అని తరుగు తీసినట్టు, మనమూ మర్యాదకింత, దిష్టికింత అని తరుగు తీసేసి మిగిలింది వింటాం. ఏదో కొంప అంటే మంచి ఇల్లని మనకు అర్థమైపోతుంది.

తెల్లవాళ్ళకు ఈ తరుగు తీయడం తెలియదు. ఈ ముక్క చలపతన్నకు ఎక్కించడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ఆయనది తెనాలి పక్క. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నేను కరీంనగర్ వాణ్ణి, నగర కౌన్సిల్ ఆఫీసులో గుమాస్తాని. మా ఇళ్ళ మధ్య రెండు వీధులు. అందరిలాగా పనికెళ్ళి ఇంటికొచ్చే మనిషే, కాకపోతే ఒక జబ్బుంది. ఇక్కడికి రాకముందు నాలుగేళ్ళు మెల్బోర్న్‌లో ప్రాజెక్టు చేశాడు. అక్కడినుంచి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనే పిచ్చిని వెంట తెచ్చుకున్నాడు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, ఈ ఊరివాళ్ళు ప్రాణం పెట్టే రగ్బీ కూడా కాదు. కోలబంతిని కాలితో తంతారు, పిడికిలితో గుద్దుతారు, ఒకడి భుజాలమీదికి ఇంకొకడు ఎగిరి బంతిని పట్టుకుంటాడు. అట్లా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టినవాడి జోలికి ఎవరూ రాకూడదు, తీరిగ్గా గురిచూసి తన్నుకోవచ్చు. రెండు చివరలా నాలుగేసి కర్రలుంటాయి. మధ్యనున్న రెండు పొడుగు కర్రల నడుమనుంచి పోతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్కనుంచి పోయినా, పొడుగు కర్రకు తగిలినా ఒక పాయింటు.

"తప్పినవాడిక్కూడా ఒక పాయింటిచ్చే ఆట ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటేనండీ, అమరేందర్ గారూ! ఎంత దయగల ఆటో చూడండి" అనేవాడు. ఒకసారి పొరపాటున ఆట నియమాలు అడిగిన పాపానికి, రెండు వేల ఏడు వేసవంతా నన్ను కార్లో వేసుకుని మైదానానికి తీసుకెళ్ళాడు. ఆ ఏడు వానలు ఎట్లా కురిశాయో ఇక్కడున్న వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నా మంచి బూట్లు ఆ బురదకే పోయాయి.

మా జట్టు పేరు పెనార్థ్ పెలికన్స్, అంటే పక్క ఊరి గూడబాతులు. ఆస్ట్రేలియానుంచి వచ్చి ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు కొందరు, రగ్బీ వదిలేసిన వెల్ష్ వాళ్ళు కొందరు. కోచ్ డారెన్ అనే ఫిజియోథెరపిస్టు. చలపతన్న కొడుకు కౌశల్ కూడా అందులోనే ఆడేవాడు. పద్దెనిమిదేళ్ళవాడు. మెల్బోర్న్‌లో ఎనిమిదో ఏటనుంచే ఈ బంతి పట్టినవాడు. వాడు గాల్లోకి లేస్తే మళ్ళీ కిందికి దిగాలన్న సంగతి మరిచిపోయాడేమో అనిపించేది. ఆట తెలియని నాకే తెలిసిపోయింది, ఆ జట్టులో ఆటగాడంటే వాడేనని.

అయినా జట్టు ఓడుతూనే ఉంది. ఓడిన ప్రతిసారీ అభిమానులం క్లబ్బు ముందు రేకుల చూరుకింద టీ కప్పులతో నిలబడి, ఎందుకు ఓడామో తేల్చేవాళ్ళం. అభిమానులంటే ఎందరనుకున్నారు, పట్టుమని పది మందిమి కూడా లేం. అందరికీ పెద్ద దిక్కు గ్లెనిస్. బడిలో పిల్లలకు వడ్డించి రిటైరైన ఆవిడ, కొడుకు జట్టులో ఉన్నాడు.

"వానవల్ల" అనేది గ్లెనిస్. అవతలి జట్టు మీదా అదే వాన పడిందని ఎవరూ అనేవాళ్ళు కాదు. రగ్బీనుంచి వచ్చినవాళ్ళు అలవాటుకొద్దీ బంతిని చేత్తో విసిరేస్తున్నారని ఒకడు. నర్సుల రోటా మారి మంచి ఆటగాళ్ళు శనివారం డ్యూటీల్లో ఇరుక్కుంటున్నారని ఇంకొకడు. అసలు పెలికన్ అన్న పేరే దరిద్రమని మరొకడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చివరికి బంతిలో గాలి సరిగా లేదనేదాకా వచ్చేది. ఆ వాదన వింటూ నాకు ఒళ్ళు మండిపోయేది. అరగంట అరుచుకుని, వచ్చే వారం మళ్ళీ అదే అరగంట అరుచుకునేవాళ్ళు.

అప్పుడు మా చలపతన్న గొంతు సవరించుకునేవాడు.

"ప్రాబ్లం మావాడేనండీ" అని ఇంగ్లీషులో మొదలుపెట్టేవాడు. "మై సన్. యూజ్‌లెస్ ఫెలో. ఒళ్ళు వంచడు, చెప్పింది వినడు. వాడే మీ వీక్ లింక్."

అందరూ ఇబ్బందిగా టీ కప్పుల్లోకి చూసేవాళ్ళు. డారెన్ మాత్రం గడ్డం గోక్కుంటూ శ్రద్ధగా వినేవాడు.

మొదటిసారి విన్నప్పుడు నేను నిర్ఘాంతపోయాను. అంతకు గంట ముందే కౌశల్ ఇద్దరి మీదుగా లేచి బంతి పట్టినప్పుడు, ఈ పెద్దమనిషి నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకున్నాడు. కళ్ళు తడిశాయి. నోరు మాత్రం "దద్దమ్మ, దద్దమ్మ" అని గొణిగింది. కారెక్కగానే అడిగేశాను.

"ఏందన్నా, పోరడు అంత మంచిగ ఆడితే నలుగుర్ల గట్లంటవ్?"

"మీకు తెలీదండీ" అన్నాడు వైపర్ల వంక చూస్తూ. "మెల్బోర్న్‌లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బడి ఆటలో అందరి ముందూ 'మావాడి అంతటివాడు లేడు' అన్నాను. వారం తిరక్కుండా భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. పదేళ్ళ పిల్లాడండీ. రాత్రంతా నొప్పికి ఏడుస్తుంటే పక్కన కూచున్నాను. నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్దంటారు, అందులో కన్నవాళ్ళ కన్ను మరీ చెడ్డది. అప్పుడే ఒట్టేసుకున్నాను, ఈ జన్మలో వాణ్ణి పైకి మెచ్చుకోనని."

మా అమ్మ కూడా నన్ను చుట్టాల ముందు మొద్దు అనే అనేది.

కానీ డారెన్‌కు మా అమ్మ తెలియదు కదా. కన్నతండ్రే చెబుతున్నాడంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నాడు. ముందు కౌశల్‌ను గోల్ దగ్గరనుంచి తీసి వెనక్కి పంపాడు. తరవాత సగం ఆటే ఆడించాడు. జులై వచ్చేసరికి వాడు బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటున్నాడు. జట్టు ఇంకా ఘోరంగా ఓడటం మొదలుపెట్టింది. చూరుకింద వాదనలు ఇంకా పెరిగాయి. వాన, రోటా, బంతి, పెలికన్. అసలు కారణం గొడుగు పట్టుకుని వాళ్ళ మధ్యనే నిలబడి ఉంది.

"వాణ్ణి కూచోబెట్టబట్టే మనం ఓడిపోతున్నామండీ!" అని కార్లో స్టీరింగు బాదేవాడు చలపతన్న. "ఆ డారెన్‌కి కళ్ళున్నాయా అసలు?"

"కళ్ళున్నయ్, చెవులు గూడున్నయ్! నువ్వే గదన్నా రోజూ యూజ్‌లెస్ అని చెప్పినవ్. ఆయన నమ్మిండు."

"మాటవరసకన్నానండీ. ఆమాత్రం తెలీదా మనిషికి?"

"తెల్వది! ఈళ్ళకు ఎట్లంటే అట్లనే. పోయి చెప్పరాదె, నా కొడుకు మంచిగాడతడని?"

ఆయన నా వంక అసహ్యంగా చూశాడు. "నా నోటితోనా?" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. నెత్తి కొట్టుకుని కారు దిగాను.

ఆఖరి ఆటకు ముందు వారం, మైదానం పక్క కార్లు నిలిపేచోట కౌశల్ ఒక్కడే బూట్ల బురద గీక్కుంటూ కనిపించాడు. పలకరించాను. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్డిఫ్ యాసలో ఇంగ్లీషే.

"వచ్చే వారంతో మానేస్తున్నాను, అంకుల్" అన్నాడు.

"ఎందుకురా?"

"నాన్న చెప్పేది నిజమే కదా. ఈ ఆట గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఇక్కడ లేరు. నేను పనికిరానని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారైనా కాదనిపిద్దామని ఇన్నాళ్ళూ ఆడాను. ఇక అలసిపోయాను."

వాడి గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బూట్లు సంచీలో పెట్టుకుని బస్సుకోసం వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే చలపతన్న ఇంటికి వెళ్ళి, వదిన ముందే ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన చేతిలో పని ఆపి కుర్చీలో కూలబడింది.

"డారెన్‌కి తెలీదంటే సరే" అన్నాడు చలపతన్న. "వాడు నా కొడుకు కదండీ. వాడిక్కూడా తెలీదా?"

"ఎట్ల తెలుస్తదన్నా? ఆడు ఈళ్ళ నడుమ పెరిగిండు. నీ మాట అర్థమైతది గని, నీ మనసు ఆడికెవ్వరు చెప్పిన్రు? తప్పినోనికి గూడ ఒక పాయింటిస్తరని ఆ ఆటను మెచ్చుకుంటవ్. కన్నకొడుక్కు ఒక్కటన్న ఇచ్చినవా?"

కోపంలో అన్నాను గానీ, ఆయన మొహం చూశాక ఆ మాట అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందనిపించింది.

ఆఖరి ఆటకు వాన లేదు. అయినా ఓడుతూనే ఉన్నాం. నాలుగు భాగాల ఆటలో మూడోది ముగిసి విరామం ఇచ్చారు. ఆటగాళ్ళు నీళ్ళు తాగుతున్నారు. కౌశల్ బెంచీ మీదున్నాడు. మన అభిమానులు ఆట అయ్యేదాకా కూడా ఆగలేక పంచాయితీ పెట్టారు. ఈసారి వాన లేదు కాబట్టి గ్లెనిస్ గాలిని పట్టుకుంది.

చలపతన్న వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. నుదుటిమీద చెమట. డారెన్ కూడా అక్కడే ఉన్నాడు.

"మై సన్" అన్నాడు. ఆగాడు. "మావాడు... అంత చెడ్డగా ఏం ఆడడు."

ఎవరూ పట్టించుకోలేదు. నేను వెనకనుంచి ఆయన మోచేతిని పొడిచాను.

"మావాడు బాగా ఆడతాడు!" అని అరిచాడు. అందరూ తిరిగి చూశారు. "ఈ జట్టులో అందరికంటే బాగా ఆడతాడు. అంత ఎత్తు లేచి బంతి పట్టేవాడు ఇక్కడ ఒక్కడు లేడు. వాణ్ణి బెంచీ మీద కూచోబెట్టారు, అందుకే ఓడిపోతున్నారు. వాన కాదు, గాలి కాదు, తలకాయా కాదు!"

డారెన్ నోరు తెరుచుకుని చూశాడు. "యూజ్‌లెస్ అని సీజనంతా చెప్పింది మీరే కదా?"

"మా ఇళ్ళల్లో అట్టాగే అంటాం" అన్నాడు చలపతన్న. "ప్రాణంగా చూసుకునేదాన్ని అట్టాగే అంటాం."

బెంచీ మీద కౌశల్ తువ్వాలు తీసేసి నిలబడి ఉన్నాడు. డారెన్ వాణ్ణి లోపలికి పంపాడు.

కౌశల్ వచ్చి గెలిపించేశాడని చెబితే బాగుండేది. ఓడిపోయాం. కాకపోతే ఆట ముగిసే ముందు వాడు ముగ్గురి మధ్యనుంచి లేచి మార్క్ పట్టాడు. గ్లెనిస్ టీ కప్పు వదిలేసి కేక పెట్టింది. గురిచూసి తన్నాడు. బంతి పొడుగు కర్రకు తగిలింది. ఒక పాయింటు.

ఆట అయిపోయాక తలదించుకుని మా దగ్గరికి వచ్చాడు. చలపతన్న ఏం చేశాడో తెలుసా? అందరూ చూస్తుండగా వంగి, వాడి బూటుకింద అంటిన బురద చిటికెడు తీశాడు. కొడుకు తండ్రికంటే తలకాయెత్తు పొడుగు. "వంగరా" అంటే వంగాడు. తలచుట్టూ మూడుసార్లు తిప్పి, తుపుక్కున ఊసి, ఆ బురదను దూరంగా విసిరేశాడు. గ్లెనిస్ నా చెవిలో, జట్టు మొత్తానికీ అట్లా చేయడం కుదురుతుందేమో కనుక్కోమంది.

కౌశల్ ఇంకా వంగే ఉన్నాడు.

"నాన్నా" అన్నాడు మెల్లగా, నాకు తెలిసి మొదటిసారి తెలుగులో. "ఇందాక అన్నది... ఇంకోసారి చెప్పు."

చలపతన్న అటూ ఇటూ చూశాడు. చుట్టూ అన్ని కళ్ళున్నాయి.

"ఒక్కసారి చాలు" అన్నాడు. "పద, కారెక్కు, దద్దమ్మా."

కౌశల్ ఆయన మొహంలోకి చూశాడు. తరవాత నవ్వాడు.