పరీక్ష నాటి అత్తరు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి సంవత్సరం, సికింద్రాబాద్‌లో నీళ్లు పరీక్షించే ఆఫీసులో నా ముక్కుకు జీతమిచ్చేవారు. వేళాకోళం కాదు. నల్లా నీళ్లు గాజు కుప్పెలో పోసి, గోరువెచ్చగా కాచి, మూత తీసి వాసన చూడాలి. రసాయనం ఏ కాస్త కలిసినా అందరికంటే ముందు నాకే తెలిసేది. మా పెద్ద కెమిస్టు గారు నన్ను "కుక్కముక్కోడా" అని మురిపెంగా పిలిచేవారు.

ఆయన్ని తండ్రిలా చూసుకున్నాను. పని నేర్పింది ఆయనే. వాసన సబ్బు వద్దు, పాన్ వద్దు, అత్తరు అసలే వద్దనేవారు. ఆ మాటకు కట్టుబడి రంజాన్ నమాజుకు కూడా అత్తరు లేకుండానే వెళ్లాను. అమ్మ ఎంత నొచ్చుకుందో!

బొల్లారం దారిలో మా బస్తీ నల్లా నీళ్లు అప్పటికే ఫినాయిల్ కంపు కొడుతున్నాయి. ఎగువన తారు కాచే కార్ఖానా మురుగు పైపులోకి దిగుతోందని నా అనుమానం. ఆ నీళ్లు తాగి మా అక్క చంటిపాప వాంతులు చేసుకుంటోంది. కొత్త సర్కారు పంపే ఆఫీసరు ఎదుట నేను ఆ వాసన పట్టి చూపిస్తే, ఆ నల్లా మూసి వేరే లైను నీళ్లు ఇస్తారు. అంతా ఆ ఒక్క పరీక్ష మీదే ఉంది.

ఆఫీసరు వచ్చారు. పెద్ద కెమిస్టు గారు ఎదురెళ్లి, జేబులోంచి చిన్న సీసా తీసి, హైదరాబాద్ మర్యాద అంటూ ఆయన చేతికి అత్తరు పూశారు. వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వూ పూసుకోవోయ్. శుభమా అని పెద్దాయన వచ్చారు."

అయ్యో, అప్పటికీ నాకు అర్థం కాలేదు. సంబరంలో మరిచిపోయి పూశారనుకున్నాను.

మా బస్తీ నీళ్లు కాచిన కుప్పె మూత తీశాను. గులాబీ. మోచేతుల దాకా తోముకుని వచ్చాను. మళ్లీ గులాబీయే.

"అత్తరు తప్ప ఏం తెలుస్తలేదు సాబ్. జెర రేపు చూద్దాం" అని బతిమాలాను.

ఆఫీసరు తానే కుప్పె ఎత్తి వాసన చూశారు. ఆయన చేతికీ అదే అత్తరు. "ఘుమఘుమలాడుతున్నాయే!" అని నవ్వి, నీళ్లు మంచివేనని తేల్చేసి జీపెక్కారు.

వరండాలో పెద్ద కెమిస్టు గారిని నిలదీశాను. "గిట్ల ఎందుకు చేసిండ్రు సార్?"

ఆయన నా మొహం చూడలేదు. "కార్ఖానా వాళ్లకు పైన అండ ఉంది నాయనా. మనం ఉద్యోగాలు చేసుకోవాలి కదా."

నాయనా అట! చెంప పగలగొట్టినా భరించేవాణ్ణి. తడిగుడ్డతో గొంతు కోశాడు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ పాప కోసం నల్లా నీళ్లు కాచి చల్లారుస్తోంది. నా చెయ్యి దగ్గరికి లాక్కుని మురిసిపోయింది.

"ఏందిరా, పండుగకు సుత పూసుకోలే. ఇయ్యాల ఎవరు పూసిండ్రు?"

"మా సార్."

"ఎంత మంచి మనిషిరా! మరి నల్లా ఎప్పుడు మూస్తరంట?"

"మూయరమ్మా" అన్నాను. గిన్నె లాక్కుని ఆ నీళ్లు వాకిట్లో పారబోశాను. అక్క ఒళ్లో పాప దాహంతో ఏడుస్తోంది. ఇంట్లో వేరే నీళ్లు లేవు.